కణాల ఆకారంలోని తేడాలు లోపాలు కావు

నమస్కారం. పాఠ్యపుస్తకాలలో కణజాలాన్ని ఒకే కొలత షడ్భుజుల వరుసలుగా గీస్తారు. అందువల్ల సూక్ష్మదర్శినిలో సాగినవి, కుంచించుకున్నవి, వంకరవి కనిపించినప్పుడు వాటిని ప్రకృతి చేసిన పొరపాట్లుగా భావించేవారు చాలామంది ఉన్నారు. కణజాలం గట్టిగా ఉందో, ద్రవంలా కదులుతోందో ఆ తేడాలే చెబుతాయి గనుక ఈ అపోహ తొలగాలని నా గట్టి కోరిక.

కణం అంచున ఉండే ఆక్టిన్, మయోసిన్ ప్రోటీన్లు దాని చుట్టుకొలతను తగ్గించాలని లాగుతుంటే, పొరుగు కణాలతో ఉన్న అతుకు దానిని పెంచుతుంది. ఆ చుట్టుకొలతను వైశాల్యపు వర్గమూలంతో భాగిస్తే వచ్చేదే ఆకార సూచిక. ఇది సమ షడ్భుజికి సుమారు 3.72, సమ పంచభుజికి 3.81. కణాలు కోరుకునే సూచిక 3.81 కంటే తక్కువైతే కణజాలం ఘనంలా బిగుసుకుంటుందని, ఎక్కువైతే ద్రవంలా ప్రవహిస్తుందని 2015లో భౌతిక శాస్త్రవేత్తలు దాపెంగ్ బీ, లీసా మానింగ్ తదితరులు గణిత నమూనాతో చూపారు.

పండుగ ముందురోజు కిక్కిరిసిన ఆర్టీసీ బస్సును ఊహించండి. వెనుక ఉన్నవారు దిగాలంటే తామొక్కరు పక్కకు తిరిగితే చాలదు, దారిలోని ప్రతి ఒక్కరూ ఒదిగి చోటివ్వాలి. అందరూ బిగుసుకుని నిలబడితే ఎవరూ కదలలేరు. ప్రయాణికుల సంఖ్య రెండు సందర్భాలలోనూ ఒకటే. మారినది వారి ఆకారమే. కణజాలం బిగుసుకోవడానికి రద్దీ ఒక్కటే కారణమనుకోవడం, నా దృష్టిలో, అన్నిటికంటే పెద్ద అపార్థం.

అదే ఏడాది జెఫ్రీ ఫ్రెడ్‌బర్గ్ బృందం మనుషుల శ్వాసనాళపు కణాలను ప్రయోగశాలలో పెంచి పరిశీలించింది. ఉబ్బసం లేనివారి కణాలు సూచిక 3.81కి చేరువై త్వరగా బిగుసుకోగా, ఉబ్బసం ఉన్నవారి కణాలు సాగిన ఆకారంతో, అంటే ఎక్కువ సూచికతో, చాలాకాలం కదులుతూనే ఉన్నాయి. ఆ బస్సులో తోపులాట ఇంకా ఆగలేదన్నమాట. శ్వాసనాళం ముడుచుకున్నప్పటి ఒత్తిడిని కలిగిస్తే, అప్పటికే బిగుసుకున్న కణాలు కూడా మళ్లీ కదిలాయి.

సమయం తక్కువగా ఉన్నందున మిగిలినది క్లుప్తంగా చెబుతాను. 2018లో మరో క్రమం బయటపడింది: కణాల సగటు సాగుదల పెరిగితే వాటి మధ్య వ్యత్యాసం కూడా పెరుగుతుంది, బిగుసుకునే కొద్దీ రెండూ కలిసే తగ్గుతాయి. మనిషి శ్వాసనాళపు కణాలలోనూ, పండ్ల ఈగ పిండంలోనూ ఇదే కనిపించింది. ఖాళీ లేకుండా తలాన్ని నింపాలన్న జ్యామితి నిబంధన రెండింటికీ ఒకటే కదా! అయితే ఈగ పిండం పొడవుగా సాగే దశలో కణాలు ఒకే దిశకు వాలి ఉంటాయి గనుక అక్కడ 3.81 ఒక్కటే చాలదు. ఆ వాలును, ఒక్కో కూడలిలో ఎన్ని కణాలు కలుస్తాయన్నదానిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.