రెండున్నర లక్షల్లో పాత కారు కొనేవాళ్లకి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారంటే, ఈ కాలనీలో చాలా ఇళ్లల్లో కారు మాట నడుస్తోందన్నమాట.

నేను ఉప్పల్ వైపు ఇరవై రెండేళ్లుగా కార్ల షెడ్డు నడుపుతున్నాను. నెలకి కనీసం నలుగురైదుగురు వచ్చి, "అన్నా, రెండున్నర లక్షలున్నాయి, ఏ కారు తీసుకోమంటావు?" అని అడుగుతారు. ఆ డబ్బు చాలామందికి చిట్టీ ఎత్తిన డబ్బు, పీఎఫ్‌లోంచి తీసిన డబ్బు, ఒక్కోసారి ఇంట్లో బంగారం కుదువ పెట్టి తెచ్చిన డబ్బు. పోతే మళ్లీ కూడబెట్టడానికి నాలుగైదేళ్లు పడుతుంది. అందుకే ఈ విషయంలో నేను మొహమాటపడను, మీరు నొచ్చుకున్నా సరే ఉన్నదున్నట్టు చెప్తాను.

ముందు ఒక్క మాట. మీ దగ్గర రెండున్నర లక్షలుంటే రెండు లక్షల బండి చూడండి, రెండున్నర లక్షల బండి కాదు. మిగిలిన యాభై వేలు పక్కన పెట్టండి, అది కూడా బండి డబ్బే. పాత కారు కొన్న మొదటి మూడు నెలల్లో అది ఏదో ఒకటి అడిగి తీరుతుంది. టైర్లు గట్టిబడి ఉంటాయి, బ్యాటరీ చివరికొచ్చి ఉంటుంది, క్లచ్ పైకి పట్టుకుంటుంది, ఇన్సూరెన్స్ అయిపోవస్తుంది. అమ్మేవాడు కూడా ఆ ఖర్చులు దగ్గరపడ్డాయనే చాలాసార్లు అమ్ముతున్నాడు. చేతిలో ఉన్నదంతా బండికే పోసినవాళ్లు ఆ పనులు వాయిదా వేస్తారు. ఐదు వేల పని వాయిదా పడితే పాతిక వేల పని అవుతుంది, ఇది నేను నా షెడ్డులో వారం వారం చూస్తున్నదే.

పోయిన వేసవిలో రామంతాపూర్ నుంచి భార్యాభర్తలు వచ్చారు, ఇద్దరూ ప్రైవేటు స్కూల్ టీచర్లు. ఆయన తల్లికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆటోల్లో, క్యాబుల్లో తిప్పుతున్నారు. తిరిగొచ్చేటప్పుడు ఆవిడకి కళ్లు తిరుగుతుంటాయి, క్యాబ్ క్యాన్సిల్ అయితే ఆ ఎండలో ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టాలి. వాళ్లు మూడు బండ్లు చూసుకుని వచ్చారు. ఒకటి 2009 హోండా సిటీ, 2,20,000. రెండోది 2012 స్విఫ్ట్ డీజిల్, 2,40,000, ఢిల్లీ నంబరు. మూడోది 2012 వ్యాగన్ ఆర్ పెట్రోల్, సింగిల్ ఓనర్, 2,05,000, ఎడమ తలుపు మీద పొడుగ్గా గీత, సీటు కవర్లు చిరిగిపోయి ఉన్నాయి. ఆయన మనసు సిటీ మీద ఉంది. తప్పేం కాదు, మంచి కారు, వెనక సీట్లో అమ్మ కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు అన్నాడు. ఆ మాట నాకూ నచ్చింది.

కానీ లెక్క చూడండి. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ల వరకే. 2009 బండికి 2024లోనే గడువు అయిపోయింది. తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష చేయించి ఐదేళ్లకి రెన్యువల్ చేయించాలి, పాత బండ్లకి వేసే గ్రీన్ టాక్స్ కట్టాలి. రెన్యువల్ ఫీజు ఒకప్పుడు 600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. అమ్మేవాడు "చిన్న పని సార్, మీరే చేయించుకోండి" అన్నాడట. చిన్న పనైతే ఆయనే చేయించి అమ్మొచ్చు కదా! ఆర్సీ గడువు అయిపోయిన బండి ఎంత తక్కువకి వచ్చినా, రెన్యువల్ చేయించి ఇస్తేనే మాట్లాడతానని చెప్పండి.

పెట్రోలు సంగతి. వీళ్లు నెలకి 600 కిలోమీటర్లు తిరుగుతారు. లీటరు 107 రూపాయలు వేసుకుందాం. సిటీ మన ట్రాఫిక్‌లో లీటరుకి 12 కిలోమీటర్లు ఇస్తే 50 లీటర్లు, అంటే 5,350. వ్యాగన్ ఆర్ 15 ఇస్తే 40 లీటర్లు, 4,280. నెలకి 1,070 తేడా, ఏడాదికి దాదాపు పదమూడు వేలు. ఇద్దరు టీచర్ల ఇంట్లో అది ఒక పిల్ల స్కూల్ బస్సు ఫీజు. దానికి తోడు సిటీకి బంపర్ అయినా, హెడ్‌లైట్ అయినా, ఏసీ కంప్రెసర్ అయినా చిన్న కారు కంటే ఎక్కువే. కారు రేటు తగ్గినట్టు దాని సామాను రేటు తగ్గదు. రెండు లక్షలకి వచ్చిన పెద్ద కారుకి కూడా పెద్ద కారు రిపేరు బిల్లే వస్తుంది. ఇది చాలామందికి కొన్నాక తెలుస్తుంది.

ఇక స్విఫ్ట్ డీజిల్. ఆ 1.3 ఇంజన్ ఫియట్ వాళ్లది, గట్టి ఇంజన్, నేను దాన్ని తిట్టను. పెట్రోల్ బండి కంటే నెలకి వెయ్యి రూపాయల దాకా మిగలొచ్చు కూడా. కానీ ఇంజన్‌లోకి డీజిల్ కొట్టే ఇంజెక్టర్లకో, గాలి నెట్టే టర్బోకో పని పడితే రెండేళ్లు మిగిలింది ఒక్క వారంలో పోతుంది. నెలకి పదిహేను వందల కిలోమీటర్లు తిరిగేవాళ్లకి డీజిల్ అర్థం ఉంది, 600 తిరిగేవాళ్లకి లేదు. పైగా అది ఢిల్లీ బండి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లని, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లని తిరగనివ్వకూడదని కోర్టు ఆదేశాలు వచ్చినప్పటి నుంచి, ఆ బండ్లు ఇటువైపు వస్తూనే ఉన్నాయి. అన్నీ చెడ్డవని అనను, కొన్ని చాలా తక్కువ తిరిగినవి కూడా ఉంటాయి. కానీ అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం కావాలి, ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, తెలంగాణ లైఫ్ టాక్స్ బండి వయసును బట్టి లెక్కేసి కట్టాలి. ఆ 2,40,000లో ఇవేవీ లేవు. వేరే రాష్ట్రం బండి చూస్తున్నప్పుడు ముందు ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లి ఆ బండికి టాక్స్ ఎంత పడుతుందో కనుక్కుని, అప్పుడు బేరం ఆడండి. ఏపీ 09, ఏపీ 28 లాంటి నంబర్లు చూసి మాత్రం భయపడకండి, 2014 జూన్‌కి ముందు మన హైదరాబాద్, రంగారెడ్డిలో రిజిస్టర్ అయిన బండ్లవి.

వాళ్లతో వ్యాగన్ ఆర్‌ని షెడ్డుకి తెప్పించమన్నాను. ఎందుకో చెప్పే ముందు నా ఇంట్లో జరిగింది చెప్పాలి.

2020 అక్టోబర్ 13 రాత్రి వాన మీకందరికీ గుర్తుండే ఉంటుంది. టోలిచౌకి నదీం కాలనీ, హయత్‌నగర్ వైపు కాలనీలు, పాతబస్తీ, ఎక్కడ చూసినా కార్లు నీళ్లల్లో తేలాయి. ఆ తర్వాత నాలుగు నెలలకి మా బావమరిది పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో కారు చూశాడు. తళతళ మెరుస్తోంది, లోపల కొత్త సీట్ కవర్లు, కొత్త కార్పెట్, మంచి సెంటు వాసన. "బావా, ఒకసారి వచ్చి చూడు" అని రెండుసార్లు ఫోన్ చేశాడు. షెడ్డులో పని ఎక్కువగా ఉందని నేను వెళ్లలేదు. ఆరు నెలలకి పవర్ విండోలు పోయాయి, తర్వాత మీటర్ బోర్డులో లైట్లన్నీ వెలగడం మొదలైంది, తర్వాత నడిరోడ్డు మీద ఆగిపోయింది. డాష్‌బోర్డ్ విప్పితే వైరింగ్ సాకెట్లన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి, మూలల్లో ఎండిన బురద. అమ్మినవాళ్లు "మాకూ తెలియదు" అన్నారు. వాడు పెళ్లికని దాచిన డబ్బు అది. వెళ్లి పది నిమిషాలు చూసుంటే తెలిసిపోయేది, అది నాకు ఇప్పటికీ బాధే.

నీళ్లల్లో మునిగిన బండిని మీరే పట్టుకోవచ్చు, మెకానిక్ అక్కర్లేదు. సీటు బెల్టుని చివరిదాకా, ఇక రాదు అనేదాకా లాగండి. పైన ఎంత కడిగినా, లోపల చుట్టుకుని ఉండే భాగంలో బురద మరక గీతలా మిగిలిపోతుంది. సీటు వెనక్కి జరిపి కింది పట్టాలు చూడండి, ఆ పట్టాల బోల్టులకి తుప్పు ఎలా ఉందో చూడండి. స్టెప్నీ తీసి ఆ గుంటలో చెయ్యి పెట్టండి. పాత బండిలో కార్పెట్ మాత్రం కొత్తగా ఉంటే, ఎందుకు మార్చారని అడగండి. సెంటు వాసన మరీ ఎక్కువగా ఉంటే అద్దాలు మూసి ఏసీ ఆపి ఐదు నిమిషాలు లోపల కూర్చోండి, అసలు వాసన బయటపడుతుంది.

ఇంజన్ సంగతికొస్తే, మీరు వెళ్లేసరికి బండి చల్లగా ఉండాలి. "ముందే స్టార్ట్ చేసి పెట్టకండి" అని ఫోన్‌లో చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే టీ తాగి రండి, లేదా మర్నాడు పొద్దున్నే వెళ్లండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడే దాని రోగం కనిపిస్తుంది. నీలం పొగ వస్తే ఆయిల్ తింటోందని అర్థం, అది బోర్ పని, అంటే ఇంజన్ విప్పి చేసే పెద్ద పని దాకా పోవచ్చు. ఇంజన్ వేడెక్కాక కూడా దట్టంగా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోందేమో అని అనుమానించాలి. ఆయిల్ మూత తీసి చూడండి, మూత అడుగున మీగడలాంటిది ఉంటే నేనైతే ఆ బండి దగ్గర ఇంకో నిమిషం నిలబడను.

మీటర్ రీడింగ్‌ని నమ్మకండి, వెనక్కి తిప్పడం పెద్ద పని కాదు. 45,000 తిరిగిందంటున్న బండిలో బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ తోలు మెరుస్తుంటే ఏదో తేడా ఉంది. షోరూమ్ సర్వీసుల్లో ఏ తేదీకి ఎన్ని కిలోమీటర్లో రాసి ఉంటుంది, ఆ బిల్లులు అడగండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 3219 అని ఉంటే 2019లో 32వ వారం తయారైన టైరు. గాడి ఎంత లోతుగా ఉన్నా అంత పాత టైరు మార్చాల్సిందే, ఆ డబ్బు బేరంలో తగ్గించమనండి.

యాక్సిడెంట్ బండా కాదా అనేదానికి తలుపు రబ్బరు బీడింగ్ కొంచెం లాగి లోపలి రేకు చూడండి. కంపెనీ వెల్డింగ్ చుక్కలు గుండ్రంగా, సమానమైన దూరంలో ఉంటాయి, చేత్తో చేసింది అలా ఉండదు. బంపర్ మార్చినా, తలుపుకి పెయింట్ వేసినా నేను పట్టించుకోను. మన ఊళ్లో గీత పడని కారు ఉంటుందా? పైకప్పుని మోసే పిల్లర్ మీద, బానెట్ కింద ముందు చక్రాల పైనుండే అప్రాన్ రేకు మీద పని జరిగితే మాత్రం వద్దు.

టెస్ట్ డ్రైవ్ మెయిన్ రోడ్డు మీద అర కిలోమీటరు తిప్పి అయిందనుకోకండి. నేనైతే ఉప్పల్ నుంచి నారపల్లి వైపు గతుకుల్లోకి తీసుకెళ్తాను, అద్దాలు దించి, పాటలు ఆపి. చక్రాల దగ్గరుండే లింక్ రాడ్లు, బుష్‌లు కొట్టుకుంటుంటే అక్కడ వినిపిస్తాయి. ఏసీని మాత్రం మధ్యాహ్నం రెండింటికి చూడండి, సాయంత్రం ఏ ఏసీ అయినా చల్లగానే అనిపిస్తుంది.

ఆ వ్యాగన్ ఆర్‌కి ఇవన్నీ చూశాం. క్లచ్ చివరికొచ్చింది, ముందు రెండు టైర్లు పాతవి, సైలెన్సర్‌కి చిన్న చిల్లు. ఇంజన్ శుభ్రంగా ఉంది, మొదటి ఓనర్ పదేళ్ల బిల్లులు ఫైల్ చేసి పెట్టాడు. ఒక రిటైర్డ్ ఉద్యోగి, ఆయన చేతిరాతతో ఏ తేదీకి ఆయిల్ మార్చాడో రాసుకున్న చిన్న నోట్‌బుక్ కూడా ఇచ్చాడు. ఆ నోట్‌బుక్ చూశాక నాకు సగం టెన్షన్ పోయింది. "ఏ మోడల్ మంచిది?" అని అడిగేవాళ్లకి నేనిచ్చే జవాబు ఇదే. మంచి మోడల్‌లోనూ చెడ్డ బండి ఉంటుంది, మామూలు మోడల్‌లో ఎవరో కన్నబిడ్డలా చూసుకున్న బండి ఉంటుంది. మీ బడ్జెట్‌కి అలాంటి ఓనర్ని వెతకండి. రెండు వారాలు ఎక్కువైనా పర్లేదు. బేరం ఆడి 1,95,000కి తీసుకున్నారు, పనులన్నీ కలిపి ముప్పై వేలు దాటలేదు.

మోడళ్ల గురించి కొంచెం చెప్తాను, లేకపోతే ఊరుకోరు. శాంట్రో జింగ్, 1.1 ఇంజన్ ఐ10 తీసుకుంటే ఇంజన్‌లో తిరిగే టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో అడగండి, బిల్లు చూపించలేకపోతే కొన్న వారంలోనే మార్చండి. 1.2 కప్పా ఇంజన్ ఐ10లో బెల్ట్ కాదు, చైన్ ఉంటుంది. షెవర్లే 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో ఇక్కడ కార్ల తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. ఆ బండ్లు తక్కువకి రావడానికి అదొక కారణం. ఫోర్డ్ ఫిగో మంచి బండే, కానీ మీకు తెలిసిన మెకానిక్ సామాను తెప్పించగలడో లేదో ముందు అడగండి. ఎటియోస్, డిజైర్ లాంటివి టాక్సీగా తిరిగి తర్వాత తెల్ల ప్లేటుకి మారి ఉండొచ్చు, ఆర్సీ పాత చరిత్ర చూడకుండా తీసుకోకండి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ ఈ పాత బండ్లని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు, కొన్నాక ఫ్యూయల్ పైపులు ఒకసారి చూపించుకోండి.

ఇంకో మాట, ఇది నాకు ముఖ్యం. మన దగ్గర అన్ని కొత్త కార్లకీ ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది, తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లో, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ అదే ఏడాది జులైలో. మీ బడ్జెట్‌లో వచ్చే బండ్లు దాదాపు అన్నీ అంతకు ముందువే. 2014లో కార్ల భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన చిన్న కార్లని, ఎయిర్‌బ్యాగ్ లేని వేరియంట్లని గోడకి గుద్ది చూస్తే ఆల్టో 800, ఐ10, ఫిగో, పోలో, నానో అన్నింటికీ సున్నా స్టార్లు వచ్చాయి. అందుకని ఒకే రేటుకి రెండు బండ్లు వస్తే టచ్‌స్క్రీన్ ఉన్నది కాదు, ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్న టాప్ వేరియంట్ తీసుకోండి. అవి లేని బండైతే ఔటర్ రింగ్ రోడ్డు మీద వందలో పోకండి, వెనక కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోండి. పిల్లల్ని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దని చేతులు జోడించి చెప్తున్నాను.

కాగితాల గురించి త్వరగా చెప్పేస్తాను. బయానా ఇచ్చే ముందే నంబర్ కొట్టి చలాన్లు చూసుకోండి. ఆర్సీ మీద లోన్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, లోన్ తీరిందని చూపే ఫారం 35 లేకుండా డబ్బంతా ఇవ్వకండి. ఓనర్ పేరు మార్చడానికి ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని వెంటనే ట్రాన్స్‌ఫర్‌కి పెట్టండి, "తర్వాత చేయించుకుందాంలే" అనే మాట వద్దు. ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజుల్లో మీ పేరు మీదకి మార్చమని అప్లై చేయాలి. ఛాసిస్ నంబర్ ఆర్సీలో ఉన్నదీ బండి మీద ఉన్నదీ అంకె అంకె సరిచూసుకోండి. గ్యాస్ కిట్ ఉంటే అది ఆర్సీలో ఎక్కి ఉండాలి.

కింద పార్కింగ్‌లో రెండు బండ్లు పెట్టాను. ఒకటి మంచిది, ఒకటి కాదు, ఏది ఏదో నేను చెప్పను. ఫోన్‌లో టార్చ్ వేసుకుని రండి. సీటు బెల్ట్ దగ్గర మొదలుపెడదాం, మీరు చూస్తూ ఉండండి, ప్రశ్నలు అక్కడే అడగండి.