పేరు కొట్టేస్తే మనిషి దాగిపోడు

ఖైదీల మీద, బాధితుల మీద జరిగే ప్రభుత్వ పరిశోధనల మాట ఎత్తితే చాలు, “పేర్లు తీసేశాకే కదా డేటా బయటికిస్తారు, ఇంకా భయమెందుకు?” అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

మా ఊళ్ళో ఎవరి గుట్టయినా ఇలాగే బయటపడుతుంది. “పేరెందుకులే గానీ, రామాలయం వెనక ఉండే ఆర్‌ఎంపీ డాక్టరు...” అని మొదలుపెడతారు. ఊరికంతా ఉన్నది ఒక్కడే ఆర్‌ఎంపీ! ఇంక దాచిందేముంది?

డేటాలోనూ అంతే. పుట్టిన తేదీ, ఆడా మగా, జిప్‌కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది). ఈ మూడూ కలిస్తే అమెరికాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టొచ్చని కంప్యూటర్ శాస్త్రవేత్త లటాన్యా స్వీనీ 2000లో లెక్క తేల్చారు. తర్వాత వేరేవాళ్ళు ఆ అంకె తగ్గించారు, అయినా సగానికి పైనే ఉంది.

మరి ఆర్‌ఎంపీని ఎలా దాచాలి? “జిల్లాలో వైద్యం చేసే ఒకాయన” అనాలి. అంటే పుట్టిన తేదీ బదులు ‘30-39 ఏళ్ళు’, జిప్‌కోడ్ బదులు రాష్ట్రం. కానీ మరీ చెరిపేస్తే “ఎక్కడో ఎవరికో ఏదో జరిగింది” అన్నట్టు తయారవుతుంది, దాంతో పరిశోధన ఏం చేస్తారు? ఎంత చెరపాలన్నదే అసలు తలనొప్పి.

పూర్తి వివరాలు కావాల్సినవాళ్ళూ ఉంటారు. మిషిగన్ యూనివర్సిటీలోని నేర పరిశోధనల ఆర్కైవ్‌లో సున్నితమైన డేటా కావాలంటే దరఖాస్తు పెట్టి, ఒప్పందం మీద సంతకం చేయాలి. ఆర్‌ఎంపీ ఎవరో తెలిసినా రచ్చబండ దగ్గర నోరు విప్పనని రాసివ్వడమన్నమాట.

ఇంకో అనుమానమూ వస్తుంది. “ప్రభుత్వ డబ్బే కదా, పోలీసులు అడిగితే ఇచ్చేయరా?” అమెరికాలో ఇవ్వరు, చట్టం ఒప్పుకోదు. అక్కడి న్యాయశాఖ పరిశోధన సంస్థ అయిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జస్టిస్ నిధులతో మనుషుల వివరాలు సేకరించాలంటే, వాటిని ఎలా కాపాడతారో రాసి ‘ప్రైవసీ సర్టిఫికెట్’ ఇవ్వాలి. పాత దొంగతనం నేనే చేశానని ఖైదీ పరిశోధకుల ఇంటర్వ్యూలో ఒప్పుకున్నా, అతని అనుమతి లేకుండా ఆ మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. సమన్లు పంపినా లాభం లేదు. నియమం తప్పితే వేల డాలర్ల జరిమానా పడొచ్చు. నన్నడిగితే తక్కువే!

ఒక మినహాయింపు ఉంది. చేసిన నేరానికే ఈ రక్షణ, చేయబోయే నేరానికి కాదు. “బయటికి రాగానే వాడి అంతు చూస్తా” అన్నాడనుకోండి, ఆ మాటను ఈ చట్టం కాపాడదు.