నేలకు ఆనుకుని నడిచే కారు ర్యాలీలు ఎలా గెలిచింది? ఆస్టిన్ హీలీ 3000 కథ

[తెరపై: ఎర్రటి కారు, తెల్లటి హార్డ్‌టాప్. కెమెరా నెమ్మదిగా కారు అడుగుకి దిగుతుంది.]

ఇది ఆస్టిన్ హీలీ 3000. అభిమానులు ముద్దుగా ‘బిగ్ హీలీ’ అంటారు. పైన ఎంత అందంగా ఉందో తర్వాత చూద్దాం, ముందు అడుగు చూడండి. సైలెన్సర్‌కీ నేలకీ మధ్య జాగా ఎంత తక్కువో! ఇలాంటి కారుతో ఆల్ప్స్ కొండదారుల్లో, యుగోస్లావియా కంకర రోడ్ల మీద పోటీకి దిగాలంటే ఎవరైనా వెనకాడతారు. కానీ 1960ల్లో యూరప్‌లోని అతి కష్టమైన ర్యాలీలు, అంటే రోడ్ల మీద, కొండదారుల్లో రోజుల తరబడి సాగే కారు పోటీలు, కొన్నిటిని గెలిచింది ఈ కారే.

[తెరపై: ఛాసిస్ బొమ్మ. వెనక యాక్సిల్ దగ్గర ఎర్ర గీత.]

చాలా కార్లలో ఛాసిస్, అంటే కారుని మోసే చట్రం, వెనక యాక్సిల్ (చక్రాల ఇరుసు) పైనుంచి వంపు తిరిగి వెళ్తుంది. ఇందులో మాత్రం యాక్సిల్ కింది నుంచి వెళ్తుంది. అందుకే కారు అంత కిందికి ఉంటుంది, మలుపుల్లో రోడ్డుని పట్టుకుని తిరుగుతుంది. కష్టం కూడా అక్కడే ఉంది. వెనక కమాన్ పట్టీలు మార్చి కారుని బాగా పైకి లేపుదామంటే, యాక్సిల్ వెళ్లి ఛాసిస్‌కే తగులుతుంది. కొద్దిగా లేపొచ్చు, అంతే. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ కారు గెలుపోటములు చాలావరకు దీని చుట్టూనే తిరిగాయి.

[తెరపై: 1952 లండన్ మోటార్ షో, నలుపు తెలుపు ఫొటోలు.]

దీన్ని తయారుచేసిన డొనాల్డ్ హీలీ స్వయంగా ర్యాలీ డ్రైవర్. 1931లో ఇన్‌విక్టా కారుతో మాంటె కార్లో ర్యాలీ గెలిచాడు. 1952లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ షోలో ‘హీలీ హండ్రెడ్’ అనే స్పోర్ట్స్ కారు పెట్టాడు. ఇంజన్ ఆస్టిన్ కంపెనీది. ఆ కంపెనీ అధిపతి లియొనార్డ్ లార్డ్ కారుని చూసి ముచ్చటపడి, మేమే తయారుచేస్తామన్నాడు. షో జరుగుతుండగానే దాని పేరు ఆస్టిన్ హీలీ అయింది. మొదట నాలుగు సిలిండర్లు, 1956లో ఆరు. 1959లో ఇంజన్ 2,912 సీసీకి పెరిగింది, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వచ్చాయి. అదే 3000.

[తెరపై: అబింగ్డన్ వర్క్‌షాప్. మెకానిక్‌లు ఇంజన్ మీద వంగి పనిచేస్తుంటారు.]

ర్యాలీ కార్లు ఆక్స్‌ఫర్డ్ దగ్గర అబింగ్డన్‌లో తయారయ్యేవి. ఆస్టిన్ భాగంగా ఉన్న బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) పోటీల విభాగం అక్కడ ఉండేది. మొదట మార్కస్ చేంబర్స్, 1961 నుంచి స్టువర్ట్ టర్నర్ దాన్ని నడిపారు. నా దృష్టిలో అసలు హీరోలు ఈ వర్క్‌షాప్ వాళ్లే. బరువు తగ్గించడానికి బాడీకి అల్యూమినియం రేకులు వేశారు. ఇంజన్‌కి గాలి, పెట్రోలు కలిపి అందించే వెబర్ కార్బురేటర్లు మూడు బిగించి ఇంజన్ బలాన్ని 200 హార్స్‌పవర్ దాటించారు. మామూలు కారులో ఇది 124తో మొదలైంది. ఇంజన్ అడుగున దెబ్బ తగలకుండా మందపాటి ప్లేటు పెట్టారు. ఎన్నిసార్లు బిగించినా సైలెన్సర్ రాళ్లకు తగిలి ఊడిపోతుంటే, చివరికి పైపుని వెనక్కి తీసుకెళ్లడం మానేసి, వెనక చక్రానికి ముందే పక్క నుంచి బయటికి తీశారు. లోపల వేడికి డ్రైవర్ కాళ్లు మాడిపోయేవి. ఆ వేడిగాలి బయటికి పోవడానికి ముందు రెక్కల్లో, అంటే ముందు చక్రాల చుట్టూ ఉండే రేకుల్లో, కిటికీల్లాంటి సందులు చేశారు.

[తెరపై: మ్యాప్. లియేజ్ నుంచి రోమ్‌కి, మళ్లీ వెనక్కి.]

ఇక 1960 లియేజ్–రోమ్–లియేజ్ ర్యాలీ. బెల్జియంలో బయలుదేరి మళ్లీ బెల్జియం చేరాలి. దాదాపు నాలుగు రోజులు, రాత్రీ పగలూ, సరైన నిద్ర లేకుండా. సమయం అంత బిగుతుగా పెట్టేవారు కాబట్టి చాలా కార్లు దారిలోనే ఆగిపోయేవి. ఆ ఏడాది 3000ని నడిపింది పాట్ మాస్, పక్క సీట్లో దారి చెప్పే నావిగేటర్ ఆన్ విజ్డమ్. పాట్ పేరున్న గుర్రపు స్వారీ క్రీడాకారిణి, రేసింగ్ డ్రైవర్ స్టిర్లింగ్ మాస్ చెల్లెలు. అప్పట్లో ర్యాలీల్లో ఆడవాళ్లకు విడిగా ఒక కప్పు ఉండేది, అందరూ వాళ్లని ఆ లెక్కలోనే చూసేవారు. వీళ్లిద్దరూ మగవాళ్లందరినీ వెనక్కి నెట్టి మొత్తం ర్యాలీనే గెలిచారు! అంత పెద్ద అంతర్జాతీయ ర్యాలీని మహిళల జట్టు గెలవడం అదే మొదటిసారి. స్టీరింగ్ బరువుగా, కాళ్ల దగ్గర మంటగా ఉండే కారులో అన్ని రోజులు ఎలా నెట్టుకొచ్చారో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

[తెరపై: ఆల్ప్స్ మలుపులు, వరుస ఫొటోలు.]

తర్వాత డొనాల్డ్, ఎర్ల్ మోర్లీ అనే కవల సోదరులు, వృత్తిరీత్యా రైతులు, 1961లోనూ 1962లోనూ ఆల్పైన్ ర్యాలీ గెలిచారు. 1964లో స్పా–సోఫియా–లియేజ్ ర్యాలీ ఫిన్లాండ్ డ్రైవర్ రౌనో ఆల్టోనెన్, టోనీ ఆంబ్రోస్‌లకు దక్కింది.

[తెరపై: మంచు కప్పిన అడవి దారి, రాత్రి, హెడ్‌లైట్లు.]

సొంతగడ్డ బ్రిటన్‌లో జరిగే ఆర్‌ఏసీ ర్యాలీ మాత్రం దీనికి అందలేదు. 1961, 1962, 1964, మూడుసార్లు రెండో స్థానమే. 1965లో ఫిన్లాండ్‌కే చెందిన మరో డ్రైవర్ టిమో మాకినెన్ మంచులో అడవి దారుల మీద ఈ బరువైన కారుని నడుపుతూ అందరికంటే ముందున్నాడు. చివర్లో మంచు గడ్డకట్టిన ఎత్తు వచ్చింది. బలమంతా వెనక చక్రాలకే వెళ్లే కారు, ఆ చక్రాలకు పట్టు దొరకలేదు, అక్కడే తిరుగుతూ ఉండిపోయాయి. ముందు చక్రాలతో నడిచే చిన్న మినీ కూపర్ ఎస్‌లో ఆల్టోనెన్ ఆ ఎత్తు ఎక్కేసి దాటిపోయాడు. అదే బీఎంసీ జట్టు, ఏడాది క్రితం ఇదే హీలీని గెలిపించిన డ్రైవర్! బిగ్ హీలీకి నాలుగోసారీ రెండో స్థానమే.

[తెరపై: ఫ్యాక్టరీలో చివరి కార్లు.]

3000లు మొత్తం దాదాపు 43 వేలు తయారయ్యాయి, ఎక్కువ భాగం అమెరికా వెళ్లాయి. ఆ అమెరికాలోనే భద్రతకీ పొగకీ కొత్త నిబంధనలు రావడంతో 1967 చివర్లో తయారీ ఆగిపోయింది. అబింగ్డన్ ర్యాలీ కార్లలో కొన్ని ఇప్పటికీ బతికున్నాయి, పాత కార్ల పోటీల్లో పరుగెడుతున్నాయి. ఎక్కడైనా ఒకటి కనబడితే ముందు రెక్కల్లో ఆ సందుల కోసం, వెనక చక్రం ముందు ఆ పైపు కోసం చూడండి.