ఆకు బొమ్మ వేసిందెవరు?

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ మన స్టూడియోలో ఒక ప్యాకేజింగ్ డిజైనర్, విజయవాడలో ఆఫ్‌సెట్ ప్రెస్ నడిపే పెద్దాయన, వినియోగదారుల కేసులు వాదించే న్యాయవాది ఉన్నారు. నా చేతిలో ఉన్నది ఒక బట్టల షాపు సంచి. ముందువైపు ఆకు బొమ్మ, కింద 'పర్యావరణ హితం'. వెనక 'ప్లాస్టిక్ వాడకండి'. మేడమ్, ఇందులో తప్పేముంది?

డిజైనర్: దాన్ని లైటుకి అడ్డంగా పెట్టండి. పడుగు, పేక కనిపిస్తున్నాయా? నేతే లేదు. వరసగా చిన్న చిన్న చుక్కలు నొక్కినట్టున్నాయి చూడండి, పోగుల్ని వేడితో అతికించిన గుర్తులవి. దీన్ని నాన్‌వోవెన్ అంటారు, పదార్థం పాలీప్రొపిలీన్. పెళ్ళిళ్ళలో వేసే ప్లాస్టిక్ కుర్చీలు కూడా దాంతోనే చేస్తారు.

వ్యాఖ్యాత: ప్లాస్టిక్ మీదే ప్లాస్టిక్ వాడొద్దని రాశారన్నమాట!

ప్రెస్ యజమాని: షాపులవాళ్ళు దాన్ని 'క్లాత్ బ్యాగ్' అనే అడుగుతారండీ. కొనేవాళ్ళూ గుడ్డ సంచీ అనే అనుకుంటారు. ఎండలో కొన్నాళ్ళు వదిలేస్తే పట్టుకోగానే పొడి పొడిగా రాలిపోతుంది, అప్పుడు తెలుస్తుంది.

న్యాయవాది: ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్ని 2021లో సవరించినప్పుడే, నాన్‌వోవెన్ ప్లాస్టిక్ సంచి కనీసం 60 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 60 గ్రాములు, ఉండాలని పెట్టారు. చట్టం లెక్కలో అది ప్లాస్టిక్కే. అంత బరువుంటే కేంద్ర నిబంధనల్లో అమ్మకం మీద నిషేధం లేదు. గుడ్డ అని నమ్మిస్తేనే చిక్కు.

డిజైనర్: దాన్ని మరీ తిట్టాల్సిన పనీ లేదు. పలచటి క్యారీబ్యాగ్ కంటే ఎక్కువసార్లు వాడుకోవచ్చు. 'ఇది పాలీప్రొపిలీన్ సంచి, చిరిగేదాకా వాడండి' అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపరు. ఆ వాక్యం రాయమంటే మాత్రం క్లయింట్లు మొహం చిట్లిస్తారు. ఆకు బొమ్మే కావాలి వాళ్ళకి.

వ్యాఖ్యాత: ఆకు బొమ్మకి కూడా ఇప్పుడు చట్టముందా సార్?

న్యాయవాది: ఉంది. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబర్ 15న మార్గదర్శకాలు నోటిఫై చేసింది. ఎకో ఫ్రెండ్లీ, గ్రీన్, సస్టైనబుల్ లాంటి మాటల్ని ఒట్టిగా పడేయకూడదు. వివరణ ఉండాలి, ఆధారం ఉండాలి. దేని గురించి అంటున్నారో తేల్చాలి: వస్తువా, తయారీయా, ప్యాకింగా, పారేసే పద్ధతా? వివరం అంతా పట్టకపోతే క్యూఆర్ కోడ్ పెట్టుకోవచ్చు. ఇంకోటి, అందరూ మర్చిపోయేది, ఇవి తయారీదారుకి, వ్యాపారికే కాదు, యాడ్ ఏజెన్సీకీ వర్తిస్తాయి. వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి జరిమానా 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా వెళ్ళొచ్చు.

వ్యాఖ్యాత: ఇక పచ్చరంగు ముట్టుకోకూడదంటారా?

న్యాయవాది: అదేం లేదు. మోసం లేనంతవరకూ మామూలు రంగులకీ బొమ్మలకీ మినహాయింపు ఉంది.

డిజైనర్: ఆ మినహాయింపులోంచే ఏనుగులు వెళ్ళిపోతున్నాయండీ. తెల్ల అట్ట తీసుకుని, దానిమీద నిండా బ్రౌన్ ఇంకు పోసి, నార పోగుల్లా గీతలు కూడా గీసి, అట్టపెట్టెలకి వాడే గోధుమరంగు క్రాఫ్ట్ పేపరులా కనిపించేట్టు చెయ్యమని అడుగుతారు. అక్షరమ్ముక్క రాయక్కర్లేదు, చూసినవాళ్ళు రీసైకిల్డ్ అనేసుకుంటారు. ఖర్చయ్యేదేమో అదనపు ఇంకు. ఆ మాటకొస్తే అసలు క్రాఫ్ట్ కూడా రీసైకిల్డే అవ్వాలని లేదు, కొత్త గుజ్జుతోనూ చేస్తారు.

న్యాయవాది: అది గీత మీద ఉన్న కేసు. మొత్తం ప్యాకెట్ చూస్తే కొనేవాడికి ఏమనిపిస్తుందో అది చూస్తారు.

వ్యాఖ్యాత: మరి కింద చిన్నక్షరాల్లో 'షరతులు వర్తిస్తాయి' అని వేస్తే?

న్యాయవాది: దానికి 2022 మార్గదర్శకాలున్నాయి. ప్రకటనలో మాట ఏ భాషలో ఉంటే వివరణ కూడా ఆ భాషలోనే, ఆ ఫాంటులోనే ఉండాలి. తెలుగులో 'ప్రకృతి సహజం' అని బెత్తెడు అక్షరాలు వేసి, కింద ఇంగ్లీషులో చీమల బారు పెడితే చెల్లదు.

డిజైనర్: ఈ ఒక్క రూలు పాటిస్తే చాలు, సగం గొప్పలు తగ్గిపోతాయి. పెద్దక్షరాల్లో వివరణ వెయ్యాలంటే చోటు చాలదు కదా!

వ్యాఖ్యాత: కొనేవాళ్ళు ఏ గుర్తు చూసి నమ్మాలి? ఈ సంచి మీద త్రికోణంలో 5 అని ఉంది, అంటే రీసైకిల్ అవుతుందనా?

డిజైనర్: అది పాలీప్రొపిలీన్ అని చెప్పే కోడ్, అంతే. మన ఊళ్ళో దాన్ని తీసుకునేవాళ్ళు ఉన్నారా లేదా అన్నది ఆ అంకె చెప్పదు. మన దేశానికి ఎకోమార్క్ అని ఒకటుంది, మట్టికుండ బొమ్మ. 1991లో మొదలైంది, 2024లో కొత్త నిబంధనలు తెచ్చారు. ఆ కుండ ఉన్న వస్తువు షాపులో మీకెప్పుడైనా కనిపించిందా?

ప్రెస్ యజమాని: గుర్తుల సంగతి సరే, కాగితం సంగతి ఎవరూ అడగరేంటండీ? ఈమధ్య అందరికీ చదరం బ్రోచర్లు కావాలి, 8 బై 8 అంగుళాలు. నా దగ్గరకొచ్చే షీటు 23 బై 36. చుట్టూ కోతకోసం వదిలే అంచు, అదే బ్లీడ్, కలిపితే అడ్డంగా రెండు, నిలువుగా నాలుగు. మొత్తం ఎనిమిది. మిగతాది కటింగ్‌లో పోతుంది. అదే ఏడుంపావు అంగుళాలు చేసుకోమనండి, అడ్డంగా మూడు పడతాయి. పన్నెండు! ముప్పావంగుళం తగ్గిస్తే అదే షీటులో నాలుగు ఎక్కువ. ఫైలు చేసేముందు ఒక్క ఫోను కొడితే చెప్తాను. ఎవరూ కొట్టరు. ఫైలు వచ్చాక మారిస్తే మళ్ళీ లేఅవుట్ చెయ్యాలని కోపం.

వ్యాఖ్యాత: 2014లో అమెరికాలో ఒక బడి పిల్లాడు, ప్రభుత్వం ఫాంటు మారిస్తే ఇంకు ఖర్చు కోట్ల డాలర్లు మిగులుతుందని లెక్క కట్టాడు. అది పనికొస్తుందా?

డిజైనర్: గారమాండ్ అనే ఇంగ్లీషు ఫాంటు గురించి. ముచ్చటైన ప్రయత్నమే. కానీ అదే పాయింట్ సైజులో గారమాండ్ అక్షరాలు చిన్నగా ఉంటాయి, ఆదాలో ఎక్కువ భాగం అక్కడిదే. మనం తెలుగులో అలా తగ్గిస్తే వత్తులు పూడుకుపోతాయి. చదవలేని కరపత్రం మొత్తం వృథా.

ప్రెస్ యజమాని: ఫాంటు కంటే లామినేషన్ చూడండి ముందు. 'రీసైకిల్డ్ పేపర్ మీద ముద్రించాం' అని గొప్పగా వేసి, దానిమీద మ్యాట్ లామినేషన్ అడుగుతారు. అది ప్లాస్టిక్ పొర. గుజ్జు చేసేచోట ఆ పొర విడిగా చెత్తలోకి పోతుంది, దాన్ని పట్టుకుని కొంత కాగితం కూడా పోతుంది.

వ్యాఖ్యాత: లామినేషన్ మానేస్తే కవరు పాడవదా?

ప్రెస్ యజమాని: కవరంతా నల్లరంగు పోస్తే పాడవుతుంది. వేలిముద్రలు పడతాయి, మడత దగ్గర రంగు లేచి తెల్లగా కనిపిస్తుంది. అందుకే లామినేషన్ అడుగుతారు.

డిజైనర్: అంటే తప్పు మాదే. లేత రంగు వేసి, మడత పడేచోట ఇంకు లేకుండా వదిలితే ఆ గోలే ఉండదు.

ప్రెస్ యజమాని: అలా చేసి పంపండి, వాటర్ బేస్డ్ కోటింగ్‌తో సరిపెడతాను. లామినేషన్ ఖర్చు కూడా మిగులుతుంది మీ క్లయింటుకి. మొన్న పంపించారే, ఆ నల్ల కవరు, దాన్ని ఇంకా ప్లేట్ వెయ్యలేదు. మారుస్తారా?

డిజైనర్: రేపు పొద్దున్న ఫైలు పంపుతాను. సైజు కూడా చెప్పండి, ఎంతలో పడుతుందో.