ఎం8 ఆ, ఢాయి సూతా? డ్రిల్ పట్టుకునే ముందు బోల్టును గుర్తుపట్టండి

నమస్తే అండీ. టేబుల్ మీద రెండు బోల్టులు పెట్టాను, కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే స్కేలు) కొలిస్తే ఎడమ పక్కది 7.86 మిల్లీమీటర్లు, కుడి పక్కది 7.88. రెండు తలలకీ 13 నంబరు స్పానరే పట్టింది. ఒకదానికి కాస్త లూజుగా పట్టింది, అంతే. ఇవి రెండూ ఒకటే అని ఎవరైనా అంటారు. నేనూ అన్నాను. అందుకే మా గల్లీలో పిండిగిర్నీ రెండు రోజులు మూతపడింది.

గిర్నీలో బెల్టు మీద రేకు గార్డు ఉంటుంది కదా. దాన్ని బాడీకి పట్టి ఉంచే రెండు బోల్టుల్లో ఒకటి అదురుకి ఊడి ఎక్కడో పడిపోయింది. "తమ్మీ, నీ దగ్గర ఉంటే ఒకటి ఎయ్యి" అన్నాడు గిర్నీ అన్న. నా డబ్బాలో ఎం8, అంటే 8 మిల్లీమీటర్ల బోల్టు ఉంది. వేళ్ళతో తిప్పితే రెండు చుట్లు వెళ్ళి ఆగిపోయింది. లోపల తుప్పు ఉందేమో అనుకుని స్పానర్ వేశాను. కాసేపు గట్టిగా తిరిగి, ఉన్నట్టుండి తేలికైపోయింది. ఆ తేలిక చేతికి తగలగానే గుండె జారుతుంది చూడండి, ఈ పని చేసేవాళ్ళకి తెలుసు. బయటికి తీస్తే నల్లటి పొడి రాలింది. బీడు (పోత ఇనుము) బాడీ. రంధ్రం లోపలి మరలు మొత్తం పోయాయి.

మిగిలిన రెండో బోల్టు జేబులో వేసుకుని సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ బజారుకి వెళ్ళాను. షాపు పెద్దాయన అసలు కొలవనే లేదు. నా బోల్టు పక్కన తన దగ్గరున్న ఎం8 ఆనించి, పళ్ళలో పళ్ళు కూర్చోబెట్టి, వెలుతురుకి ఎదురుగా పట్టుకున్నాడు. మొదటి రెండు మూడు పళ్ళు కూర్చున్నాయి, ఆ తర్వాత సందుల్లోంచి వెలుతురు కనిపిస్తోంది. "ఢాయి సూత్" అన్నాడు. మూడు సెకన్లు కూడా పట్టలేదు.

కొత్తవాళ్ళ కోసం చెప్తున్నా. మన హార్డ్‌వేర్ షాపుల్లో సూత్ అంటే ఇంచిలో ఎనిమిదో వంతు. దో సూత్ అంటే పావు ఇంచి, తీన్ సూత్ అంటే 3/8. ఢాయి సూత్ అంటే 5/16 ఇంచి, అంటే 7.94 మిల్లీమీటర్లు. ఎం8 పేరుకి 8, కానీ ఏ బోల్టు అయినా పేరుకంటే వెంట్రుకవాసి సన్నగానే తయారవుతుంది. అందుకే బయటి కొలతతో ఈ రెండింటినీ విడదీయలేం. తేడా పిచ్‌లో ఉంది. అంటే ఒక పంటికీ పక్క పంటికీ మధ్య దూరం. ఎం8 మామూలు పిచ్ 1.25 మిల్లీమీటర్లు. ఢాయి సూత్‌కి ఇంచికి 18 పళ్ళు, అంటే 1.41.

పిచ్ గేజ్ (రకరకాల పళ్ళున్న సన్నటి రేకు ఆకుల కట్ట) ఉంటే ఆకులు మార్చి మార్చి పెట్టి చూడండి, వెలుతురు కనిపించని ఆకే మీది. లేకపోతే వెర్నియర్ చాలు. ఒక్క పన్ను కొలవకండి, పది సందులు కొలిచి పదితో భాగించండి. భాగించే ముందు పది సందులకి ఎం8 అయితే 12.5 వస్తుంది, ఢాయి సూత్ అయితే 14.1. లెక్కపెట్టాల్సింది సందులు, పళ్ళు కాదు. పది సందులకి పదకొండు పళ్ళు వస్తాయి. నేను ఇక్కడ చాలాసార్లు తప్పాను.

పాత మిషన్లలో ఈ ఇంచి గోల ఎందుకంటే, 1841లో విట్‌వర్త్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు మొదటిసారి మరలకి ఒక లెక్క పెట్టాడు. పంటికీ పంటికీ మధ్య 55 డిగ్రీల కోణం. అమెరికా వాళ్ళు 60 పెట్టుకున్నారు. చాలా సైజుల్లో ఇద్దరిదీ ఒకే పళ్ళ లెక్క, కానీ అర ఇంచి దగ్గర విట్‌వర్త్‌ది 12, అమెరికాది 13. ఇంచి మరలు పాత ఇనుములోనే ఉంటాయనుకోకండి. మీ ట్రైపాడ్ మీద కెమెరా బిగించే స్క్రూ దో సూత్, ఇంచికి 20 పళ్ళు. కంప్యూటర్ డబ్బాలో పెద్ద హార్డ్ డిస్క్‌కి ఇంచి స్క్రూ, రెండున్నర ఇంచుల ఎస్‌ఎస్‌డీకి ఎం3. ఒకదాన్ని ఇంకోదాంట్లో బిగించి నాశనం చేసినవాళ్ళు కామెంట్లో చెయ్యెత్తండి.

సరే, డ్రిల్లు. కొత్త మరలు కోయాలంటే ముందు సరైన సైజు రంధ్రం వేయాలి. మిల్లీమీటర్ మరలకి చార్టు అక్కర్లేదు, బోల్టు సైజులోంచి పిచ్ తీసేయండి. ఎం6 పిచ్ 1, డ్రిల్ 5. ఎం8కి 6.75 వస్తుంది, షాపులో 6.8 అడగండి. ఎం10 పిచ్ 1.5, డ్రిల్ 8.5. ఇలా తీస్తే మర లోతు దాదాపు ముప్పావు వంతు దొరుకుతుంది, అది చాలు. ఇంకా గట్టిగా ఉండాలని సన్న బిట్ వేస్తే బలం పెద్దగా పెరగదు, ట్యాప్ (రంధ్రంలో మరలు కోసే పనిముట్టు) మాత్రం విరుగుతుంది. రంధ్రంలో విరిగిన ట్యాప్‌ని మామూలు డ్రిల్ బిట్‌తో తీయలేరు, ఆ రెండూ ఒకే గట్టి స్టీలు. అదే ఢాయి సూత్‌కి అయితే డ్రిల్ 6.5. బయట ఒకే లావున్న బోల్టులకి లోపల రంధ్రాలు వేరు, చూశారా?

గిర్నీ బాడీలో ఢాయి సూత్ మరలు మిగల్లేదు కాబట్టి ఎం10కి పెంచాను. 8.5 బిట్, తర్వాత మూడు ముక్కల ట్యాప్ సెట్. మొదటిది ముందు వైపు బాగా కోసుగా ఉంటుంది, దారి చూపించేది అదే. రెండు చుట్లు తిరిగాక మూలమట్టం ఆనించి రెండు వైపులా నిటారుగా ఉందో లేదో చూడండి. ఆ తర్వాత వంకర సరిచేయడం కుదరదు. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడు టిక్ మని చిన్న శబ్దం వస్తుంది, తునక తెగిందన్నమాట. బీడుకి నూనె వద్దు, పొడి ముద్దై కూర్చుంటుంది. మామూలు ఇనుముకి కటింగ్ ఆయిల్, అల్యూమినియంకి కిరసనాయిలు.

మూడో ట్యాప్ కూడా దింపి, పొడి ఊది, కొత్త ఎం10 బోల్టు వేళ్ళతోనే చివరిదాకా తిప్పాను. వెన్నలా దిగింది. గర్వంగా గిర్నీ అన్న వైపు చూశాను. ఆయన గార్డు రేకు తెచ్చి బోల్టు ముందు పెట్టాడు. రేకు రంధ్రం ఢాయి సూత్‌కి వేసింది, ఎం10 దూరదు. "మరి దీనికి, తమ్మీ?" అన్నాడు. 11 బిట్ నా దగ్గర లేదు. మళ్ళీ రాణిగంజ్.