కదలని రైలింజను

శ్రోతలకు నమస్కారం.

ఆవిరి రైలింజను అనగానే మనకు పరుగే గుర్తొస్తుంది. ఈ రోజు నేను చెప్పబోయేది ఒకచోట నిలబడి ఫ్యాక్టరీలకు పనిచేసిన ఇంజన్ల గురించి.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు, రైలింజనుతోపాటే పుట్టింది. 1804 ఫిబ్రవరి 21న వేల్స్‌లోని పెనిడారెన్ ఇనుప కర్మాగారం నుంచి రిచర్డ్ ట్రెవిథిక్ చేసిన ఇంజను 10 టన్నుల ఇనుమునీ, సుమారు 70 మంది మనుషులనీ లాక్కుంటూ దాదాపు 16 కిలోమీటర్లు వెళ్ళింది. ఆ బరువుకి పోత ఇనుప పట్టాలు విరిగిపోయాయి. కొద్ది ప్రయాణాలతోనే ఆ పని మానిపించి, ఇంజన్ని మళ్ళీ కర్మాగారంలో యంత్రాలు తిప్పడానికి పెట్టుకున్నారు.

ఫ్యాక్టరీవాళ్ళకు రైలింజను మీద కన్ను ఎందుకు పడుతుంది? ఉన్న బాయిలర్ ఉన్నట్టుండి చెడిపోయిందనుకోండి. కొత్తది పెట్టాలంటే పునాది తవ్వాలి, ఇటుక కట్టాలి, పొగగొట్టం లేపాలి. రైలింజనులో పొయ్యి, బాయిలర్, పొగగొట్టం, నీళ్ళ పంపు అన్నీ ఒకే చట్రం మీద ఉంటాయి. ఆవరణలోకి పట్టాలుంటే చాలు, లోపలిదాకా వచ్చి నిలబడుతుంది.

అయితే దాన్ని దేనికి వాడుకోవాలన్నదే అసలు ప్రశ్న. చక్రానికి బెల్టు తగిలించి డైనమో తిప్పుదామని ముందుగా తోస్తుంది. తిప్పవచ్చు, కానీ నాకు అది సరైన వాడకం అనిపించదు. స్థిరంగా పనిచేసే ఆవిరి యంత్రానికి తిరుగుడు నిలకడగా ఉంచే ఫ్లైవీల్ అనే పెద్ద బరువు చక్రం, వేగాన్ని తనంతట తానే సర్దే గవర్నర్ ఉంటాయి. రైలింజనుకు ఆ రెండూ లేవు. దాని వేగం డ్రైవరు చేతిలో ఉంటుంది. ఫ్యాక్టరీలో నాలుగు యంత్రాలు ఒక్కసారి ఆపితే ఇక్కడ చక్రం ఒక్క ఉదుటున వేగం అందుకుంటుంది, కరెంటు అదుపు తప్పుతుంది.

ఇంకో సంగతి. ఆవిరి పిస్టన్‌ని నెట్టాక పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. నీటిని సున్నా నుంచి 100 డిగ్రీలకు కాచడానికి పట్టే వేడి కన్నా, ఆ మరిగిన నీటిని ఆవిరి చేయడానికి పట్టే వేడి 5 రెట్లకు పైగా ఎక్కువ. ఆ వేడంతా ఆకాశం పాలవుతోంది. అందుకే మామూలు ఆవిరి రైలింజను బొగ్గులోని శక్తిలో పదో వంతు కూడా చక్రాలకు అందించలేకపోయేది.

అదే ఆవిరిని పిస్టన్ దాకా పోనివ్వకుండా, గొట్టం బిగించి నేరుగా ఫ్యాక్టరీలోకి పంపితే? గదులు వెచ్చబెట్టడానికి, తొట్టెలు కాచడానికి, సరుకు ఆరబెట్టడానికి ఆ వేడే కావాలి. జర్మన్ రైల్వేవాళ్ళు ఇలా నిలబెట్టిన ఇంజన్లకు ‘ఆవిరి దాత’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. యుద్ధకాలంలో, 1942 నుంచి, 6 వేలకు పైగా తయారైన 52 తరగతి ఇంజన్లలో కొన్ని తూర్పు జర్మనీలో ఇలా ఆవిరి ఇస్తూ నిలబడ్డాయి. వాటి బాయిలర్‌లో ఒత్తిడి 16 బార్లు, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 16 రెట్లు, అంటే ఆవిరి వేడి 200 డిగ్రీలు దాటుతుంది. ఇక నడిచే పని లేని ఇంజన్లకు చక్రాలను కలిపే కడ్డీలు కూడా ఊడదీసేవారు.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది, నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఇదే. రైలింజను మంట తనను తానే ఊదుకుంటుంది. పిస్టన్ నుంచి వచ్చిన ఆవిరి పొగగొట్టంలోకి చిమ్ముతూ పొగను వెంట లాక్కుపోతుంది, ఆ లాగుడుకి పొయ్యిలోకి గాలి వస్తుంది. బండి ఎంత బలంగా లాగితే మంట అంత భగ్గుమంటుంది. ఛుక్ ఛుక్ అని మనం వినేది ఆ ఊదుడే. నిలబడ్డ ఇంజనుకు ఆ ఊపిరి ఆగిపోతుంది. బ్లోయర్ అనే చిన్న ఆవిరి గొట్టం ఉంటుంది కానీ, ఫ్యాక్టరీకి పంపాల్సిన ఆవిరినే అది కొంత తినేస్తుంది. అందుకే పొగగొట్టం మీద ఇంకో పొడవాటి గొట్టం నిలబెట్టేవారు, లేదా ఫ్యాన్ పెట్టేవారు.

నీటి విషయంలో మాత్రం లాభమే. పరుగెత్తే ఇంజను తాగిన నీళ్ళన్నీ గాలిలో వదిలేస్తుంది. ఇక్కడ ఆవిరి గొట్టాల్లో చల్లారి నీరైతే దాన్ని తిరిగి వాడుకోవచ్చు, బాయిలర్‌లో గార తక్కువ పడుతుంది. పిస్టన్ గుండా రాలేదు కాబట్టి ఆ నీటిలో సిలిండర్ నూనె కూడా కలవదు.

కదలడం లేదు కదా అని ఇంజన్ని వదిలేసి పోకూడదు. గాజు గొట్టంలో నీటిమట్టం చూస్తూ ఎవరో ఒకరు ఉండి తీరాలి. పొయ్యి పైకప్పు మీద నీళ్ళు తగ్గితే ఆ లోహం ఎర్రగా కాలి మెత్తబడుతుంది, బాయిలర్ పేలిపోతుంది. రాత్రి షిఫ్టులో ఒక్కడే ఉండే ఫైర్‌మన్‌కు ఇది నిజమైన టెన్షన్. బొగ్గు వేయాలి, బూడిద లాగాలి, నీళ్ళు ఎక్కించాలి, మళ్ళీ ఆ గాజు గొట్టం వైపు చూడాలి.

కొన్నాళ్ళకోసారి మంట ఆర్పి, బాయిలర్ చల్లార్చి, లోపల కడగాల్సిందే. ఆ రోజు ఆవిరి ఆగకూడదంటే ఇంకో ఇంజను కావాలి. అదీ ఆ పట్టాల మీదే వచ్చి నిలబడుతుంది. గొట్టం దీనికి విప్పి, దానికి బిగిస్తారు.