ఉత్త బీడీఎస్‌తో పదిహేడేళ్ళు

(డెంటల్ కాలేజీ హౌస్ సర్జన్ల వీడ్కోలు సభలో చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, ఇంకొన్ని వారాల్లో ఇంటర్న్‌షిప్ ముగించబోతున్న మీ అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినప్పుడు మీ మేడమ్ ఒక మాట అన్నారు. "పిల్లలందరూ నీట్ ఎండీఎస్ అని టెన్షన్ పడుతున్నారు. జనరల్ ప్రాక్టీస్ అంటే ఏమిటో ఒకసారి చెప్పండి" అని. ఎండీఎస్ అనే పీజీ సీటు కోసం పడే ఆ టెన్షన్ నాకు తెలుసు. ఐదేళ్ళు బీడీఎస్ డిగ్రీ చదివి బయటికొచ్చాక ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవరో ఒకరు "ఉత్త బీడీఎస్సేనా అమ్మా?" అని అడుగుతారు. నన్నూ అడిగారు. పదిహేడేళ్ళుగా నేను ఉత్త బీడీఎస్‌నే. శ్రీకాకుళం జిల్లాలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న ఊళ్ళో నా క్లినిక్.

మా ఊరి సంత మంగళవారం. ఆ రోజు ఎనిమిదిన్నరకే మెట్ల మీద జనం కూర్చుని ఉంటారు. పాలపన్ను వాచి ఐదేళ్ళ పిల్లాడు ఏడుస్తుంటాడు. వాడి తాతకు కట్టుడు పళ్ళ సెట్టు ఒరుసుకుని చిగురు పుండు పడి ఉంటుంది. జ్ఞానదంతం సగమే పైకొచ్చి నోరు తెరవలేని కాలేజీ అమ్మాయి ఒకవైపు, బండి మీంచి పడి ముందుపన్ను విరగ్గొట్టుకున్న కుర్రాడు ఒకవైపు. మీరు తొమ్మిది డిపార్ట్‌మెంట్లలో విడివిడిగా చదివిందంతా అక్కడ ఒకే గుమ్మం ముందు, ఒకే పూటలో వచ్చి నిలబడుతుంది. ఈ పని మీద నాకు ప్రేమ కలగడానికి మొదటి కారణం అదే.

ఇక నేను ఈ పని ఎలా నేర్చుకున్నానో చెప్తాను. నా క్లినిక్ పెట్టిన రెండో ఏడాది. సంత రోజు. యాభై దాటిన ఒకావిడ ఎండుచేపల తట్ట గుమ్మం బయట దించి లోపలికొచ్చింది. "డాక్టరమ్మా, ఈ పన్నొక్కటి పీకేయమ్మా, బస్సెళ్ళిపోద్ది" అంది. కింది దవడ పన్ను. మత్తు ఇచ్చి తీశాను, దూది కరిపించాను, మాత్రలు రాశాను. వేరు విరగకుండా వచ్చిందని సంతోషపడ్డాను కూడా. ఎనిమిది నెలల తర్వాత ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి అంగిట్లో పుండు.

ఆవిడకు అడ్డపొగ అలవాటు. మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను వెలిగించి నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగుతారు. ముఖ్యంగా ఆడవాళ్ళు. ఎందుకని ఎంతోమందిని అడిగాను. సముద్రపు గాలికి ఆరిపోదని ఒకరు, రెండు చేతులూ పనిలో ఉన్నా తాగొచ్చని ఒకరు, చంకలో బిడ్డ మీద నిప్పురవ్వ పడదని ఒకరు చెప్పారు. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. ముందు అంగిలి తెల్లబారుతుంది, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలు చిన్న లాలాజల గ్రంథుల నోళ్ళు. 1971లోనే డెన్మార్క్‌కు చెందిన నోటి వ్యాధుల నిపుణుడు పిండ్‌బోర్గ్, మన శాస్త్రవేత్తలు కలిసి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి ఈ అంగిలి మార్పుల మీద వ్యాసం ప్రచురించారు. నేను పరీక్ష కోసం చదివిన విషయమే అది. మార్కులు కూడా వచ్చాయి.

పన్ను తీసిన ఆ మొదటి రోజు ఆవిడ నోరు తెరిచే ఉంది. లైటు వెలుగుతూనే ఉంది. అద్దం నా చేతిలోనే ఉంది. నేను పైకి చూడలేదు.

బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. విశాఖలో ఆపరేషన్ చేసి అంగిలిలో కొంత భాగం తీసేశారు. తిన్నది ముక్కులోకి వెళ్ళకుండా ఆ రంధ్రాన్ని మూసే ప్లేటు చేసిచ్చారు. అది ఒరుసుకున్నప్పుడల్లా సరిచేయించుకోవడానికి ఆవిడ నా దగ్గరికే వచ్చేది. ఒక్కసారి కూడా నన్ను తప్పు పట్టలేదు. ఆవిడకు తెలియదు కదా. నాకు తెలుసు.

అప్పటి నుంచి ఎవరు ఏ పన్ను కోసం వచ్చినా ముందు పెదవుల లోపల చూస్తాను, తర్వాత రెండు బుగ్గలు, నాలుక, దాని అంచులు, నాలుక కింద, అంగిలి, చివరికి మెడ గ్రంథులు. రెండు నిమిషాలు పడుతుంది. గుట్కా, వక్కపొడి నమిలేవాళ్ళయితే వాళ్ళ మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పడతాయో లేదో చూస్తాను. పట్టకపోతే బుగ్గ లోపల నారలా గట్టిపడిందేమో వేలితో తడిమి చూస్తాను. ఒరుసుకునే పన్ను సరిచేశాక కూడా రెండు వారాల్లో మానని పుండును నా దగ్గర ఉంచుకోను, పంపించేస్తాను. చిగుళ్ళు మాటిమాటికీ వాచేవాళ్ళను షుగర్ పరీక్ష చేయించుకోమంటాను. తమకు షుగర్ ఉందని అలా మొదటిసారి తెలుసుకున్నవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు.

పై పన్ను పీకితే కంటిచూపు పోతుందని మీకూ చెప్తారు. విసుక్కోకండి. వాళ్ళకు తెలిసినవాళ్ళెవరికో పన్ను తీసిన ఏడాదికే శుక్లం వచ్చి ఉంటుంది, రెండూ కలిపి చూసుకున్నారు. కూర్చోబెట్టి చెప్తే వింటారు.

రూట్ కెనాల్ చేస్తే నిలిచే పన్నును కూడా "పీకేయండి" అంటారు. మొదట్లో నాకు బాధగా ఉండేది. తర్వాత అర్థమైంది. రూట్ కెనాల్‌కు, క్యాప్‌కు కలిపి మూడు నాలుగుసార్లు రమ్మంటే వాళ్ళకు మూడు నాలుగు రోజుల కూలి పోతుంది. అందుకే చీము, వాపు లేని పన్నయితే ఒకే సిట్టింగ్‌లో పూర్తి చేయడం కష్టపడి నేర్చుకున్నాను. వాళ్ళు రాగలిగే రోజును బట్టి ట్రీట్‌మెంట్ ప్లాన్ రాసుకోవాలని మనకు క్లాసులో ఎవరూ చెప్పరు.

డబ్బు సంగతి దాచను. చదువవగానే రెండేళ్ళు ఒక సీనియర్ క్లినిక్‌లో పనిచేశాను. ఆ జీతం గది అద్దెకూ బస్సు ఛార్జీలకూ సరిపోయేది. సొంతది పెట్టాక మూడేళ్ళు లోన్ వాయిదాలే. ఆ తర్వాత కుదుటపడింది. ధనవంతురాలిని కాలేదు గానీ ఇల్లు, పిల్లల చదువు ఈ చైరే చూసుకుంది. మీకు నా సలహా ఒక్కటే: చైర్ సెకండ్ హ్యాండ్‌ది కొన్నా ఫరవాలేదు, పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్ మాత్రం కొత్తది కొనండి. 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు అని పుస్తకంలో ఉన్నది, బయట ఇరవై మంది కూర్చున్న రోజున కూడా 15 నిమిషాలే. అందుకని హ్యాండ్‌పీసులు, పరికరాల సెట్లు ఎక్కువ ఉంచుకోండి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తికానివాళ్ళు ఈ వారంలోనే మొదలుపెట్టండి. రోజంతా వంగి పనిచేసే మన మెడ, నడుము సంగతి సరేసరి.

నాకు రాని పని నాకు రాదని చెప్తాను. అడ్డంగా ఉన్న జ్ఞానదంతాన్ని సర్జన్ దగ్గరికి పంపుతాను. పంపినందుకు కమీషన్ తీసుకోను. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

ఇంకో సంగతి. పిల్లలు పడి పన్ను వేరుతో సహా ఊడొస్తే, వేరును ముట్టుకోకుండా, రుద్ది కడగకుండా పాలల్లో వేసి వెంటనే తెమ్మని మా చుట్టుపక్కల బడి టీచర్లందరికీ చెప్పి ఉంచాను. ఒకరోజు ఒక మాస్టారు స్టీలు గ్లాసు పట్టుకుని, వెనక సీట్లో పిల్లను కూర్చోబెట్టుకుని బండి మీద వచ్చారు. అరగంట కూడా కాలేదు. పన్ను తిరిగి పెట్టి పక్కపళ్ళకు కట్టాను. ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, పన్ను నోట్లోనే ఉంది. అంతకన్నా పెద్ద జీతం నేను ఎప్పుడూ అందుకోలేదు.

ఎండీఎస్ వద్దనడం లేదు. పిల్లలతో పనిచేయడం ఇష్టమైతే పీడో చేయండి, సర్జరీ ఇష్టమైతే సర్జరీ చేయండి. పెళ్ళిళ్ళలో అడిగే ఆ ప్రశ్నకు భయపడి మాత్రం చేయకండి.

మీలో చూడాలనుకున్నవాళ్ళు ఏ మంగళవారమైనా మా ఊరు రండి. ఎనిమిదిన్నరకల్లా ఉండాలి. చైర్ పక్కన స్టూలు వేయిస్తాను. ఏ పన్ను నొప్పో అడిగేముందు అద్దం మీ చేతికే ఇస్తాను.